పాత యింటి కథ: ఓల్డ్ ట్రాఫర్డ్ క్రీడాంగణము

'ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు' అని మన పెద్దలు చెప్పిన మాటలో ధనవ్యయమును గూర్చిన హెచ్చరిక మాత్రమే కాదు, మఱియొక అర్థము కూడ గర్భితమై యున్నది. ఇల్లనునది కట్టినవానికంటె దీర్ఘకాలము జీవించును. కట్టినవాడు తలపోసిన ప్రయోజన మొకటి. కాలము ఆ గోడల నడుమ నడపించు కథ వేఱొకటి. పురిటి కేకలు విన్న గదియే కడపటి నిట్టూర్పులను కూడ వినును. అందుచేతనే పాత యిల్లు పడగొట్టవలసి వచ్చినపుడు, చూరు కారుచున్నదని యెఱిగియు, ఇంటిల్లిపాది మనస్సు వెనుకాడును.

ఇట్టి వెనుకాటు నేడు ఇంగ్లండులోని మాంచెస్టరు నగరమునకు సంభవించినది. ఆ యిల్లు ఏ ప్రభువు కోటయు కాదు, ఏ ధనికుని లోగిలియు కాదు. కాలితో బంతిని తన్ను పదునొకండుగురు ఆటగాండ్రకును, వారిని చూడవచ్చు వేలాది జనులకును నూరేండ్లకు పైగా ఇల్లయి నిలిచిన ఓల్డ్ ట్రాఫర్డ్ క్రీడాంగణమది.

మాంచెస్టరు అన్న పేరు తెలుగువారికి మొదట తెలిసినది ఆటల వలన గాదు, బట్టల వలన. స్వదేశోద్యమ దినములలో మన వీథులందు మంటల పాలైన సీమగుడ్డల కథలో ఆ నగరము పేరు విననివారుండరు. ఇక ఓల్డ్ ట్రాఫర్డ్ అన్న పేరు మనకు పరిచితమైనది క్రికెట్టు వలన. 1936 జూలైలో విజయనగర రాజకుమారుడు, 'విజ్జీ' యని లోకము పిలిచిన విజయానంద గజపతిరాజు నాయకుడుగను, సి. కె. నాయుడు సభ్యుడుగను వెళ్లిన భారత జట్టు అచటి క్రికెట్టు మైదానమున టెస్టు ఆట ఆడినది. విజయ్ మర్చంటు, ముస్తాక్ అలీలు మొదటి వికెట్టునకు 203 పరుగులు సాధించినది ఆ యాటయందే. ఆ క్రికెట్టు మైదానము 1857 నాటిది. దానికి నడచిపోదగిన దూరముననే, దాని పేరునే పంచుకొని, 1910లో వెలసినది ఈ ఫుట్‌బాలు మైదానము.

ఈ యింటివారి పూర్వకథ మిక్కిలి సామాన్యమైనది. 1878లో లాంకషైర్-యార్క్‌షైర్ రైల్వే కంపెనీవారి న్యూటన్ హీత్ డిపోలో రైలుపెట్టెల పనివారు తీరిక వేళల ఆడుకొనుటకై ఒక జట్టు కట్టుకొనిరి. వారి చొక్కాలది ఆకుపచ్చ, బంగారు వన్నెల కలయిక. వారి తొలి మైదానము నార్త్ రోడ్డులోనిది. కొంత మేర రాతినేల, కొంత మేర బురదగుంట. 1893లో వారు క్లేటన్ పేటలోని బ్యాంక్ స్ట్రీటు మైదానమునకు మారిరి. దాని ప్రక్కనే రసాయన కర్మాగారములు. వాని గొట్టముల పొగ ఆటగాండ్రను, చూపరులను కూడ ఒక్కటిగా కప్పుచుండెను. ఇట్లు రెండు చోట్ల కాపురముండిన ఆ జట్టు 1902 నాటికి అప్పులలో మునిగి, న్యాయస్థానము చేత మూతపడు స్థితికి వచ్చెను. మైదానపు తలుపులకు కొంతకాలము తాళములు కూడ పడెను.

అప్పుడు ఆదుకొన్నవాడు జాన్ హెన్రీ డేవీస్ అను బీరు తయారీదారు. తప్పిపోయిన యొక పెంపుడు కుక్క మూలమున జట్టు నాయకునికిని ఆయనకును పరిచయము కలిగినదని ముచ్చటగా చెప్పుకొందురు. ముచ్చట యెట్లున్నను, ఆయన పెట్టిన ధనము నిజము. 1902లోనే జట్టునకు మాంచెస్టరు యునైటెడ్ అను క్రొత్త పేరును, ఎఱ్ఱ చొక్కాలును వచ్చెను. 1908లో వారు దేశపు లీగు పోటీలో ప్రథములైరి, 1909లో ఎఫ్. ఎ. కప్పు గెలిచిరి. ఇంత పేరు వచ్చిన పిమ్మట ఆ పొగగుంటలో నుండుట తగదని తలచి, డేవీస్ క్రొత్త మైదానమునకై 60,000 పౌనులు ఇచ్చెను. నాటి లెక్కలో అది సామాన్యమైన సొమ్ము కాదు.

క్రొత్త స్థలము నగరమునకు నైఋతి దిశను, బ్రిడ్జివాటర్ కాలువకును రైలు మార్గమునకును నడుమ కుదిరెను. ఈ స్థలనిర్ణయము యాదృచ్ఛికము కాదు. 1894లో మాంచెస్టరు ఓడకాలువ తెఱువబడుటతో సముద్రపు ఓడలు నగరము దాక రాసాగెను. 1896 నుండి ఆ ఒడ్డుననే ట్రాఫర్డ్ పార్కు అను పారిశ్రామిక వాడ పెరిగెను. ఆ దేశమున కార్మికులకు శనివారము మధ్యాహ్నము నుండి సెలవు దొరకుట అలవాటైన తరువాతనే ఫుట్‌బాలు ప్రజల ఆటయైనది. పని విడిచిన మనిషి నడచి రాగల దూరమున మైదానముండవలెను. పేరు క్రికెట్టు మైదానముతో పంచుకొన్నను, ప్రాణము ఫ్యాక్టరీ కూతలోనిది.

దీనికి నమూనా గీసినవాడు గ్లాస్గో నగరవాసి ఆర్చిబాల్డ్ లీచ్. ఆయన జీవితములో మాయని మచ్చ యొకటి కలదు. 1902 ఏప్రిల్ 5న స్కాట్లండు, ఇంగ్లండు జట్లు ఆడుచుండగా, ఆయన నిర్మించిన ఐబ్రాక్స్ మైదానములో కొయ్యమెట్ల బారు విఱిగి 25 మంది మరణించిరి. ఆ దుర్ఘటన తరువాత మట్టిగట్టుల మీదను, కాంక్రీటు మీదను నిలుచు మెట్లబారులను నిర్మించు పద్ధతి బలపడెను. ఓల్డ్ ట్రాఫర్డ్‌కు లీచ్ మొదట వేసిన లెక్క లక్షమంది చూపరులకు. వ్యయము హద్దు మీఱుటచే దానిని సుమారు 80,000లకు తగ్గించిరి. ఈ లక్ష సంఖ్యను పాఠకులు గుర్తుంచుకొనవలెను. కథ చివర అది మరల వచ్చును.

పాత బ్యాంక్ స్ట్రీటు మైదానములో కడపటి ఆట ముగిసిన కొలది దినములకే అచటి కొయ్యస్టాండు గాలివానకు కూలిపోయెను. ఇల్లు మారుటలో ఒక్క నెల జాగు జరిగియున్నచో ఏమై యుండెడిదో! 1910 ఫిబ్రవరి 19న ఓల్డ్ ట్రాఫర్డ్‌లో గృహప్రవేశము జరిగెను. వచ్చిన అతిథులు లివర్‌పూల్ జట్టు. క్రొత్త యింటిలో తొలి గోలు చేసినవాడు శాండీ టర్న్‌బుల్. అంతకు ముందటి సంవత్సరము కప్పును గెలిపించిన గోలు కూడ ఆతనిదే. కాని గృహప్రవేశపు విందును అతిథులే ఆరగించిపోయిరి. యునైటెడ్ జట్టు 4-3 గోలులతో ఓడెను. ఆ తొలి గోలు చేసిన టర్న్‌బుల్ 1917 మే నెలలో ఫ్రాన్సులోని ఆరాస్ యుద్ధమున మరణించెను. ఆతనికి గుర్తు తెలిసిన సమాధియైనను లేదు. స్మారక ఫలకము మీద పేరు మాత్రము కలదు.

ఆ యుద్ధము మైదానమును కూడ తాకెను. 1915 ఏప్రిల్‌లో ఎఫ్. ఎ. కప్పు తుది పోటీ ఇచటనే జరిగెను. షెఫీల్డ్ యునైటెడ్ 3-0 గోలులతో చెల్సీని ఓడించెను. చూడవచ్చిన వారిలో యూనిఫారములు ధరించిన సైనికులు విశేషముగా నుండుటచే దానిని 'ఖాకీ కప్పు' అని పిలిచిరి. మన ఖాకీ పదమే ఆ యాటకు శాశ్వతనామమైనది.

యుద్ధానంతరము కొన్నాళ్లు కలిమి, కొన్నాళ్లు లేమి. 1920 డిసెంబరు 27న ఆస్టన్ విల్లాతో జరిగిన ఆటకు 70,504 మంది వచ్చిరి. 1921 మే 7న ఇచటనే స్టాక్‌పోర్టు, లీస్టరు జట్ల ఆటకు టికెట్టు కొన్నవారు 13 మంది అని రికార్డులలో కలదు. అంతకు ముందు యునైటెడ్ ఆట చూడవచ్చినవారు పలువురు కదలక అచటనే నిలిచియుండిరి గనుక మైదానము మఱీ శూన్యము కాలేదు. 1931 డిసెంబరు నాటికి ఆటగాండ్రకు జీతములిచ్చుటకు కూడ డబ్బు కఱవై, జేమ్స్ గిబ్సన్ అను బట్టల వ్యాపారి 2,000 పౌనులు పెట్టి క్లబ్బును నిలిపెను. 1935లో మైదానము ప్రక్కనే రైలు ఆగుటకు ఒక చిన్న స్టేషను ఏర్పడెను. 1939 మార్చి 25న వుల్వర్‌హాంప్టన్, గ్రిమ్స్‌బీ జట్ల కప్పు సెమీఫైనలుకు 76,962 మంది చేరిరి. ఆ మైదాన చరిత్రలో అంతటి జనసమూహము మరల చేరలేదు.

అటుపిమ్మట వచ్చినది రెండవ యుద్ధము. ఏ పరిశ్రమల నీడన ఈ యిల్లు పెరిగెనో ఆ పరిశ్రమలే దానికి మృత్యుదేవతను పిలిచినవి. ట్రాఫర్డ్ పార్కులో విమానపు ఇంజనులు తయారగుచుండెను గనుక జర్మను విమానములు ఆ వాడపై గుఱి పెట్టెను. 1940 డిసెంబరులో కొంత నష్టము కలిగెను. 1941 మార్చి 11 రాత్రి పడిన బాంబులకు ప్రధానమైన స్టాండు నేలమట్టమయ్యెను. యుద్ధనష్ట పరిహార సంఘమువారు శిథిలములను తొలగించుటకు 4,800 పౌనులును, పునర్నిర్మాణమునకు 17,478 పౌనులును మంజూరు చేసిరి. అది పని ఆరంభించుటకు తగినదే గాని, ముగించుటకు చాలినది కాదు.

ఎనిమిదేండ్లు యునైటెడ్ జట్టు ఇల్లు లేనిదయ్యెను. పొరుగుననున్న ప్రత్యర్థి మాంచెస్టరు సిటీ జట్టువారి మెయిన్ రోడ్డు మైదానమున ఏటికి 5,000 పౌనుల అద్దె చెల్లించి, టికెట్టు రాబడిలో వాటా కూడ ఇచ్చి ఆడుకొనుచుండెను. దాయాది యింటిలో అద్దెకుండుట యెట్టిదో మనవారికి వివరింపనక్కఱలేదు. విశేషమేమనగా, ఆ వనవాసమే జట్టునకు మంచి కాలమయ్యెను. 1945లో మేనేజరుగా వచ్చిన మ్యాట్ బస్బీ ఆధ్వర్యవమున 1948లో ఎఫ్. ఎ. కప్పు గెలిచిరి. అదే యేడు జనవరిలో ఆర్సెనల్ జట్టుతో జరిగిన 'స్వగృహపు' ఆటకు పరాయి మైదానమున 80,000లకు మించి జనము వచ్చిరి. ఇల్లు కూలినను ఇంటివారు మిగిలిరి. ఇంటివారుండగా చుట్టములు రాక మానలేదు. 1949 ఆగస్టు 24న ఓల్డ్ ట్రాఫర్డ్ తలుపులు మరల తెఱువబడెను. బోల్టన్ జట్టుపై 3-0 గోలుల విజయమును 41,748 మంది చూచిరి. అప్పటికి పలుచోట్ల ఇంకను పైకప్పు లేదు.

1956లో యూరపు కప్పు పోటీలలో పాల్గొనినపుడు రాత్రి ఆటలకు దీపములు లేక మరల మెయిన్ రోడ్డునే ఆశ్రయింపవలసి వచ్చెను. 1957 మార్చి 25న ఓల్డ్ ట్రాఫర్డ్‌లో దీపస్తంభములు వెలిగెను. ఇంటికి దీపము వచ్చినదని సంతోషించి యేడాదియైనను గడువకముందే ఆ యింట చీకటి క్రమ్మెను.

1958 ఫిబ్రవరి 6. బెల్‌గ్రేడులో ఆట ముగించుకొని వచ్చుచున్న జట్టు విమానము ఇంధనము కొరకు మ్యూనిక్‌లో దిగి, మంచు బురదతో నిండిన దారిపై మూడవమారు లేవబోయి కూలెను. మొత్తము 23 మంది మరణించిరి. వారిలో ఎనమండుగురు ఆటగాండ్రు, యువకులు. శవపేటికలు మాంచెస్టరు చేరినపుడు వానిని ఏ దేవాలయమునకును కాక, మొదట ఓల్డ్ ట్రాఫర్డ్‌కే తీసికొని వచ్చిరి. ఏ వ్యాయామశాలలో ఆ యువకులు కండలు పెంచిరో అందే ఆ రాత్రి పేటికలను వరుసగా నుంచిరి. వానలో దారి పొడవునను జనము నిశ్శబ్దముగా నిలిచిరి. మైదానము అనునది ఆటస్థలము మాత్రమే కాదని ఆ నగరము ఎఱిగినది ఆ రాత్రియే.

పదుమూడు దినముల తరువాత ఆట జరిగెను. అది ఫిబ్రవరి 19. సరిగా 48 ఏండ్ల క్రిందట గృహప్రవేశము జరిగిన తేది. బస్బీ మ్యూనిక్ ఆస్పత్రిలో ప్రాణములతో పెనగులాడుచుండగా, ఆయన సహాయకుడు జిమ్మీ మర్ఫీ దొరకినవారితో జట్టు కూర్చెను. ఆనాడు అమ్మిన కార్యక్రమ పత్రమున యునైటెడ్ ఆటగాండ్ర పేర్లుండవలసిన పదునొకండు చోట్లును ఖాళీగా ముద్రింపబడెను. ఎవరు ఆడుదురో అచ్చువేయు వేళకు తెలియదు. ఆ ఖాళీ గీతలు చెప్పినంత మాట ఏ స్మృతిగీతమును చెప్పియుండదు. 59,848 మంది సమక్షమున వారు షెఫీల్డ్ వెన్స్‌డే జట్టును 3-0 గోలులతో గెలిచిరి. దుర్ఘటన నుండి బయటపడిన హారీ గ్రెగ్, బిల్ ఫౌక్స్‌లు ఆ జట్టులోనుండిరి. మఱి రెండు దినములకు డంకన్ ఎడ్వర్డ్స్ అను ఇరువదియొక్క యేండ్ల ఆటగాడు ఆస్పత్రిలో కన్ను మూసెను. 1960లో మైదానపు గోడపై ఒక ఫలకమును, ఒక గడియారమును అమర్చిరి. ఆ గడియారముపై దుర్దినపు తేది వ్రాయబడి యున్నది. ముండ్లు మాత్రము నడచుచునే యుండును.

పదేండ్లలో ఇల్లు మరల నిలద్రొక్కుకొనెను. 1966 ప్రపంచపు పోటీలకై స్తంభములు చూపునకు అడ్డు రాని క్రొత్త స్టాండును 3,50,000 పౌనుల వ్యయముతో నిర్మించిరి. పోర్చుగల్, హంగరీ, బల్గేరియా దేశములు తమలో తాము ఆడిన మూడు ఆటలు ఇచట జరిగెను. 1968 మే 29న బస్బీ జట్టు లండనులో బెన్‌ఫీకాను 4-1 గోలులతో ఓడించి యూరపు కప్పు గెలిచెను. మ్యూనిక్ నుండి బ్రతికి వచ్చిన బాబీ చార్ల్‌టన్ ఆనాటి నాయకుడు. ఈ మైదానమునకు 'కలల రంగస్థలము' అను పేరు పెట్టినవాడు కూడ ఆతడే యని ప్రతీతి.

పిమ్మటి మార్పులకు కారణము సంతోషము కాదు, భయము. జనుల అల్లరిని అదుపుచేయుటకు ఇచట ఇనుపకంచె వేసిరి. దేశమంతటను ఇట్టి కంచెలు వెలసెను. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో మైదానమున లివర్‌పూల్ అభిమానులు ఆ కంచెలకును క్రిక్కిఱిసిన జనమునకును నడుమ నలిగిపోయిరి. తరువాతి యేండ్లలో మరణించినవారితో కలిపి మృతుల సంఖ్య 97. 1990లో వెలువడిన టేలర్ నివేదిక పెద్ద మైదానములలో ప్రతి చూపరికిని ఆసనముండవలెనని విధించెను. అందుచే 1992లో ఓల్డ్ ట్రాఫర్డ్ పడమటి దిక్కున పేరొందిన స్ట్రెట్‌ఫర్డ్ ఎండ్ అను నిలుచు మెట్లబారును పడగొట్టిరి. భుజము భుజము రాచుకొని పాడిన వేలాది కార్మికుల స్థానమున కుర్చీల వరుసలు వచ్చెను. ప్రాణరక్షణ కలిగినది, అది వాదింపరాని మేలు. కాని జనము పట్టు సంఖ్య సుమారు 44,000లకు పడిపోయెను. టికెట్టు వెల పెరిగెను.

క్లబ్బునకు కలిమి పెరిగిన కొలది మైదానమును పెంచిరి. 2006 నాటికి సుమారు 76,000 ఆసనములేర్పడెను. 2007 మార్చి 31న బ్లాక్‌బర్న్‌తో ఆటకు వచ్చిన 76,098 మంది ఆసనముల కాలములో రికార్డు. దక్షిణపు స్టాండు మాత్రము పెరుగలేదు. ఏ రైలుమార్గము తొలినాట జనమును తెచ్చిపెట్టెనో, అదే దాని వెనుక అడ్డుగోడయై నిలిచినది. 2011లో ఉత్తరపు స్టాండునకు ఫెర్గుసన్ పేరును, 2016లో దక్షిణపు స్టాండునకు చార్ల్‌టన్ పేరును పెట్టిరి. 2022 జూలై 6న స్త్రీల యూరపు పోటీల ప్రారంభపు ఆటను 68,871 మంది ఇచట చూచిరి. 1921లో ఆంగ్ల ఫుట్‌బాలు సంఘము తన సభ్యుల మైదానములలో స్త్రీలు ఆడుటను నిషేధించెనని తెలిసినవారికి ఆ సంఖ్య విలువ తెలియును.

కలిమితో కలతయు వచ్చెను. 2005లో క్లబ్బు అమెరికా దేశపు ధనికుల యధీనమయ్యెను. కొనుగోలునకు చేసిన అప్పు క్లబ్బు మీదనే పడెను. కొందఱు అభిమానులు అలిగి ఎఫ్. సి. యునైటెడ్ అను చిన్న జట్టును స్థాపించుకొని, 2015లో న్యూటన్ హీత్ పొరుగుననున్న మోస్టన్ పేటలో సొంత మైదానము కట్టుకొనిరి. వేఱు కాపురము పెట్టినవారు తాతల పేటకే చేరిరన్నమాట. మిగిలినవారిలో పలువురు 2010లో ఆకుపచ్చ, బంగారు వన్నెల కండువాలు వేసికొని నిరసన తెలిపిరి. అవి ఆ రైలు కార్మికుల చొక్కాల రంగులే.

ఇంతలో యింటికి ముసలితనము వచ్చెను. 2024 మే 12న ఆర్సెనల్‌తో ఆటనాడు కురిసిన వానకు చూరునుండి జలపాతమువలె నీరు కారుటను లోకమంతయు చూచి నవ్వెను. అదే సంవత్సరము చివర, ఆటల ఋతువు నడిమిలో, బాలురకును వృద్ధులకును తగ్గింపు లేకుండ టికెట్టు వెలను 66 పౌనులుగా నిర్ణయించుట మఱింత బాధ కలిగించెను. 2025 మార్చి 11న క్లబ్బువారు తమ నిర్ణయమును ప్రకటించిరి: పాత మైదానము ప్రక్కనే, ఫోస్టరు సంస్థ గీసిన నమూనాతో, లక్షమంది పట్టు క్రొత్త క్రీడాంగణము. వ్యయము సుమారు 200 కోట్ల పౌనులని అంచనా. క్రొత్తది వచ్చిన పిదప పాతది మిగులుట కష్టమేనని అప్పుడే తేటపడినది. బాంబులు పడిన 1941 మార్చి 11కు అది సరిగా 84వ వార్షిక దినము. లీచ్ ఆనాడు వదలుకొన్న లక్ష సంఖ్య ఇట్లు మరల నమూనా కాగితము మీదికి వచ్చినది.

పడగొట్టరాదనువారి మాటలో మమకారము కలదు. కట్టవలెననువారి మాటలో న్యాయము కలదు. నిజమునకు 1910 నాటి ఓల్డ్ ట్రాఫర్డ్ నేడు ఎంత మిగిలియున్నది? బాంబులు కొంత, భద్రతానియమములు కొంత, ధనము కొంత దానిని మార్చివేసినవి. దక్షిణపు స్టాండు నడుమ ఆటగాండ్రు పూర్వము మైదానమునకు వచ్చు సొరంగపు దారి యొకటి మాత్రము తొలినాటిది. టర్న్‌బుల్ నడచినదియు, ఎడ్వర్డ్స్ నడచినదియు ఆ దారినే. మైదానము ముందు బెస్ట్, లా, చార్ల్‌టన్‌ల విగ్రహములు చేతులు కలుపుకొని నిలిచియున్నవి. ఆ ముగ్గురిలో నేడు ఎవరును లేరు.

కావున ఆ నగరము తేల్చుకొనవలసినది కాంక్రీటును గూర్చి కాదు. ఆ యింటివారు ఇదివఱకే రెండుమార్లు ఇల్లు మారిరి. ఒకమారు ఇల్లు కూలినను బ్రతికిరి. పరాయి మైదానమున కూడ జనము వారిని విడువలేదు. గోడలు మారినను కథ సాగునని వారి చరిత్రయే చెప్పుచున్నది. అయితే పనిదిగి నడచి వచ్చిన మనిషికి ఆ గుమ్మము తెఱచి యుండుట చేతనే ఆ కథ పుట్టినది. లక్ష ఆసనములలో అట్టివాని మనుమనికి ఒకటి దక్కునా యన్నదే అసలు ప్రశ్న. దక్కినచో ఆ పాత సొరంగపు దారి యెచట నున్నను అది ఆ యింటి దారియే యగును. దక్కనిచో, ఒక్క యిటుకయైన కదల్పక పాత మైదానమును పదిలపఱచినను, అది ఎవరును కాపురములేని లోగిలియే యగును.